వెనక్కి నడిచిన ముల్లు

లోహాల పరిశోధనశాలలో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు టైపిస్టుగా పనిచేశాను. రెండో అంతస్తులో కిటికీ పక్కన నా బల్ల. దానికి సరిగ్గా మూడంతస్తుల కింద, నేలమాళిగలో, కిటికీ లేని గదిలో ఆవిడ పనిచేసేది. చక్కని పేరే ఉంది గాని, మా భవనంలో అందరూ ఆవిడని బరువులమ్మ అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ కూడా ఆ పేరుకే పలికేది.

ఆ గదిలో నలభై ఇనుప స్టాండ్లు ఉండేవి. ఒక్కో స్టాండులో చిటికెనవేలంత లావు లోహపు కడ్డీ ఒకటి నిలువుగా బిగించి, దాని చుట్టూ గొట్టంలాంటి చిన్న కొలిమి అమర్చి, కింద బరువులు వేలాడదీసేవారు. వేడిలో, బరువు కింద, ఏ లోహమైనా కొద్దికొద్దిగా సాగుతుంది. ఎంత సాగుతుందో, ఎన్నేళ్లకి తెగుతుందో ముందే తెలియకుండా దానితో యంత్రాలు చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని కొత్త లోహం ఏది తయారుచేసినా కడ్డీలుగా కోసి ఏళ్ల తరబడి అలా వేలాడదీసి చూస్తారు. ఆ చూడటమే ఆవిడ ఉద్యోగం. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఒక్కో స్టాండు ముందు ఆగి, సాగుదలని కొలిచే గేజి డయల్ మీద ముల్లు ఎక్కడుందో భూతద్దంతో చూసి నోటుపుస్తకంలో రాసుకునేది. లెక్క మైక్రాన్లలో. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాను. చాలా రోజులు, చాలా కడ్డీలకి, నిన్నటి అంకే ఇవాళా ఉండేది.

"ఏమమ్మా, కింద ఏమన్నా జరిగిందా ఇవాళ?" అని మెట్ల దగ్గర ఎవరో ఒకరు ఆటపట్టించేవాళ్లు.

"ఏం జరగలేదండి. అదృష్టం బాగుంటే రేపు కూడా జరగదు" అనేది ఆవిడ, నవ్వకుండా.

గది వేడి అరడిగ్రీ మారినా ముల్లు కదులుతుంది. తలుపు ఊరికే తెరవకూడదు. గట్టిగా నడవకూడదు. అందుకని ఆవిడ మెత్తటి గుడ్డబూట్లు వేసుకునేది, మెల్లగా కదిలేది, అవసరమైతేనే మాట్లాడేది. కొన్నేళ్లకి అదే అలవాటై బయట కూడా గొంతు పెగిలేది కాదు. దుకాణాల్లో ఏమడిగినా అవతలివాళ్లు "ఏంటమ్మా? ఏంటీ?" అని రెండుసార్లు అడిగేవాళ్లు. మూడోసారి చెప్పడం మొహమాటమై, వాళ్లు ఏదిస్తే అది తీసుకుని వచ్చేసేది. ఒకసారి బ్రెడ్డు కోసం వెళ్లి సబ్బు తెచ్చుకుందని మేం నవ్వుకున్నాం. ఆవిడా నవ్వింది.

ఆవిడకి పెళ్లయింది. కాపురం రెండేళ్లు. భర్తకి వేరే ఊరు బదిలీ అయింది. అప్పుడు గదిలో పదహారు కడ్డీలు సగంలో ఉన్నాయి. అవి పూర్తికాగానే వస్తానంది. ఆయన సరేనన్నాడు. ఒకటి తెగేలోపు మరో రెండు ఎక్కేవి. ఎవరూ గొడవపడలేదు, ఎవరూ ఎవర్నీ నిందించలేదు. ఉత్తరాలు మాత్రం పలచబడుతూ వచ్చాయి. ఆఖరి ఉత్తరంలో ఆయన పాత గొడుగు ఎక్కడ పెట్టావని అడిగాడట. వెతికి, పార్సిల్ చేసి పంపించింది.

ఇక ఉన్నది చెల్లెలు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. "రెండు రోజులొచ్చి ఉండిపోవే అక్కా, నీ కడ్డీలు ఎక్కడికీ పారిపోవులే" అనేది. "పారిపోతే మంచిదేనే, వెంటపడి చూసొస్తా" అనేది ఈవిడ. వెళ్లడం మాత్రం ఉండేది కాదు. ఆదివారాలు కూడా ముళ్లు చూడాలి.

ఆవిడ చేరిన ఆరో ఏట పెద్దసారు ఒక కొత్త మిశ్రమలోహం తయారుచేశారు. పెద్దసారు అంటే మా విభాగానికి అధిపతి, మహా చురుకైన మనిషి. విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి యంత్రాలకి పనికొచ్చే లోహం అది. దాని మీద ఆయన పెట్టుకోని ఆశ లేదు. మూడు కడ్డీలు కోయించి ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు నంబర్ల స్టాండ్లకి ఎక్కించారు. నాలుగువందల యాభై డిగ్రీల వేడి. మూడింటిలో తక్కువ బరువు వేలాడేది ఇరవై రెండోదానికి.

మూడేళ్లు అన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కువ బరువున్న రెండు కడ్డీలూ అనుకున్నట్టే సాగుతూ వచ్చాయి. ఇరవై రెండోది మొదట్లో పిసరంత సాగి ఆగిపోయింది. తర్వాత ముల్లు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మొదట ఒక మైక్రాను. ఇంకొన్ని నెలలకి మరొకటి. ఎనిమిది మైక్రాన్లు అయ్యేదాకా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తన కళ్లనే అనుమానించుకుంది. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. కళ్లు బాగానే ఉన్నాయి.

అప్పుడు పెద్దసారు గదికి వెళ్లింది. నేను ఆయనకి ఏదో ఉత్తరం సంతకానికి తీసుకెళ్లి అక్కడే నిలబడి ఉన్నాను.

"సార్, ఇరవై రెండు వెనక్కి వెళ్తోంది."

"వెనక్కంటే?"

"పొట్టిదవుతోందండి."

ఆయన పగలబడి నవ్వారు. "అంత బరువు పట్టుకుని వేలాడుతుంటే పొట్టిదెలా అవుతుందమ్మా? నీ కాళ్లకి బియ్యం బస్తా కట్టి వేలాడదీస్తే నువ్వు పొట్టిదానివవుతావా?"

"నేను అవనండి. అది అవుతోంది."

"గేజి అరిగిపోయుంటుంది. మార్చి చూడు."

మార్చింది. కొత్త గేజి ముల్లు కూడా వెనక్కే నడిచింది. ఇరవై రెండోదాని గేజి తీసి ఇరవై మూడోదానికి పెట్టింది, దానిది దీనికి పెట్టింది. గేజి మారినా రోగం ఆ కడ్డీని వదల్లేదు. స్టాండు కాళ్లు నేలలోకి దిగాయేమోనని లెవెల్ పెట్టి చూసింది. పైన వీధిలో లారీల అదురేమోనని నెలరోజులు లారీలు వచ్చే వేళలు రాసుకుంది. ఆఖరికి కొలిమి వేడిని చూపే తీగ మీదికి మనసు పోయింది. ఏళ్ల తరబడి వేడిలో ఉండి ఆ తీగ తప్పు చెబుతుంటే, నిజంగా వేడి తగ్గి ఉంటే, కడ్డీ చల్లబడి ముడుచుకుంటుంది కదా. కొత్త తీగ తెప్పించి పక్కన పెట్టి చూస్తే, పాతది మూడు డిగ్రీలు ఎక్కువ చెబుతోంది! మూడు డిగ్రీలు తగ్గితే ఆ కడ్డీ నాలుగు మైక్రాన్లు ముడుచుకుంటుంది.

పరుగున వచ్చి పెద్దసారుకి చెప్పింది. తన పొరపాటు బయటపెట్టుకోవడానికి అంత ఆత్రంగా మెట్లెక్కిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"చూశావా మరి!" అన్నారాయన, గుండెల మీద బరువు దిగిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలి. "చెప్పానా లేదా?"

"చెప్పారండి. కానీ ఇది సగమే."

"ఏం సగం?"

"ఎనిమిదిలో నాలుగే దీనివల్ల. ఇంకో నాలుగున్నాయండి."

పెద్దసారు చెడ్డమనిషి కాదు. నివేదిక పంపాల్సిన గడువు దగ్గరపడింది. పైనుంచి రోజూ అడుగుతున్నారు. నాలుగు మైక్రాన్ల కోసం ఇన్నేళ్ల కష్టం ఆపడం ఆయన వల్ల కాలేదు. "నాలుగంటే లెక్కలోదేనా అమ్మా? కొన్నాళ్లు నిన్నటి అంకే వేసెయ్" అన్నారు, బతిమాలినట్టు.

ఆవిడ కిందికి వెళ్లిపోయింది. మర్నాడు ముల్లు ఎక్కడుందో అదే రాసింది. ఆ తర్వాత కూడా అంతే. నివేదికలో ఇరవై రెండో కడ్డీ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: పరికర దోషం వల్ల ఫలితాలు పరిగణించలేదు. ఆ వాక్యం టైప్ చేసింది నేనే. టైప్ చేస్తున్నప్పుడు అది ఎవరి కొలతల గురించో నాకు తెలుసు. చేతులు ఆగలేదు.

తర్వాత పెద్దసారు పదవీవిరమణ చేశారు. ఆ లోహం మీద పని ముగిసింది. బయట మాత్రం రెండు మూడు చోట్ల దాన్ని వాడటం మొదలుపెట్టారని విన్నాం. నేలమాళిగలో స్టాండ్లు ఒక్కొక్కటే విప్పి పట్టుకెళ్లారు. నలభై కాస్తా పద్నాలుగయ్యాయి. ఇరవై రెండోదాన్ని విప్పడానికి పనివాళ్లు వచ్చినప్పుడు ఆవిడ దానికి అడ్డంగా నిలబడిందట. అరవలేదు, ఏడవలేదు. "ఇది ఇంకా అవలేదు" అని మాత్రం అంది. వాళ్లకి సరిగ్గా వినపడలేదు. "ఏంటమ్మా?" అన్నారు. మూడుసార్లు చెప్పింది. వదిలేసి వెళ్లారు.

అప్పటినుంచి ఆ కడ్డీ ఎవరికీ అక్కర్లేని కడ్డీ. ఆవిడ ఒక్కతే రోజూ దాన్ని చూసేది. మధ్యాహ్నం నాలుగు మెతుకులు తినడానికి పైకి వచ్చినా మాతో కలిసి కూర్చునేది కాదు. మేమేం దూరం పెట్టలేదు. మా కబుర్లలో కలవడానికి ఆవిడ దగ్గర ఏముంది? పిల్లల చదువులు లేవు, అత్తగారి మీద ఫిర్యాదులు లేవు. ఉన్న ఒక్క విశేషం మాలో ఎవరికీ తలకెక్కదు.

ఒకసారి మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "అది బరువుని పైకి లాగుతోంది, తెలుసా" అంది.

"ఏది?"

"కడ్డీ. కిందికి లాగేకొద్దీ అది పైకి లాగుతోంది. ఎంత చిన్నదైతేనేం, ఎదురు తిరుగుతోంది."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. బరువు వల్లనే ఆ లోహం ముడుచుకుంటోందని ఆవిడ నమ్మకం. అందరూ కాదన్న మీదట ఆ నమ్మకం ఆవిడలో గట్టిపడిపోయింది. నేను "అవునా" అని మళ్లీ టైపు మొదలుపెట్టాను.

కడ్డీ ఎక్కించిన పన్నెండో ఏట వేరే పరిశోధనశాల నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. మాట్లాడేముందు ముక్కు గోక్కునే అలవాటు. మేం కొత్తాయన అనేవాళ్లం. వచ్చిన వారానికే నేలమాళిగకి దిగి, ఆవిడ నోటుపుస్తకాలు పదకొండూ అడిగి తీసుకుని, మూడు రోజులు చదివాడు. పూర్తిగా చదివిన మొదటి మనిషి అతనే. నాలుగోరోజు పుస్తకాలు తిరిగి ఇస్తూ ఎంతకీ అక్కడినుంచి కదల్లేదు.

"మా దగ్గర కూడా ఇలాంటి కడ్డీ ఒకటి ఉండేది మేడమ్" అన్నాడు చివరికి. "నాలుగు నెలలు వెనక్కి నడిచింది. పొరపాటనుకుని ఆ అంకెలన్నీ కొట్టేశారు."

"ఎవరు?"

ముక్కు గోక్కున్నాడు. "నేనే."

ఆవిడ మొదటిసారి అతనికి కుర్చీ చూపించింది.

కొద్దిరోజులు ఇద్దరూ కలిసి గ్రాఫులు గీశారు. ఇరవై రెండోది అప్పటికి అరవై నాలుగు మైక్రాన్లు పొట్టిదయింది. తీగ తప్పు, గేజి తప్పు అన్నీ తీసేసిన లెక్క అది. కొత్తాయన ఒక రోజు అడిగాడు: "బరువు లేకుండా ఒక కడ్డీ పెట్టి చూశారా మేడమ్?"

"బరువు లేకుండా దేనికి? అప్పుడది ఎందుకు ముడుచుకుంటుంది?"

"ముడుచుకోదేమో. ముడుచుకుంటే మాత్రం మనం అనుకుంటున్నది తప్పు."

ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదని తర్వాత నాకు చెప్పింది. గేజిని అనుమానించింది, తీగని అనుమానించింది, కళ్లని అనుమానించింది. ఈ ఒక్క ఆలోచనని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనుమానించలేదు. కొత్తాయనతో నాలుగు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. ఎవడో నిన్నకాక మొన్న వచ్చినవాడు అడిగేదాకా తనకెందుకు తట్టలేదని ఒక పక్క, తట్టింది కానీ తనే పక్కకి నెట్టేసిందేమోనని ఒక పక్క.

ఐదోరోజు బీరువా తెరిచింది. ఆ లోహం ముక్క ఒకటి, మొదటి కడ్డీలు కోయగా మిగిలింది, కాగితంలో చుట్టి దాచి ఉంది. దాన్ని కోయించింది. ఖాళీగా ఉన్న స్టాండుకి ఎక్కించి, కొలిమి పెట్టి, అంతే వేడి చేసి, బరువులు వేలాడదీయకుండా వదిలేసింది. డయల్ గాజు మీద తన చేత్తోనే కాగితం ముక్క అంటించి, బరువు లేదు అని రాసింది.

పద్నాలుగు నెలలు గడిచాయి. బరువు లేని కడ్డీ ముల్లు వెనక్కి నడిచింది. ఇరవై రెండోది తన మొదటి పద్నాలుగు నెలల్లో ఎక్కడుందో పాత పుస్తకం తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, అప్పటికది ఇంకా వెనక్కి నడవడమే మొదలుపెట్టలేదు, బరువు లేనిదే ముందు మొదలుపెట్టింది.

ఆ రోజు ఆవిడ మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చింది. "అది ఎదురు తిరగలేదు" అంది. "దానంతటది దగ్గరపడుతోంది. బరువు దానికి అడ్డం, అంతే."

"మరి బాధగా లేదా?" అన్నాను.

"ఉంది" అంది. "ఇవాళ పుస్తకంలో రాసేశాను" అంది. తర్వాత నేను కిందికి వెళ్లినప్పుడు చూశాను. తేదీ వేసి, అంకెలు వేసి, కింద రాసి ఉంది: బరువు వల్ల కాదు. ఇన్నేళ్లూ నేననుకున్నది తప్పు. సంతకం.

కొత్తాయన మాకందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. ఆ లోహం కరిగి గడ్డకట్టినప్పుడు లోపలి అణువులు ఎక్కడివక్కడ చిందరవందరగా నిలబడిపోతాయట. ఆ వేడిలో ఏళ్ల తరబడి ఉంచితే మెల్లమెల్లగా జరుగుతూ వరసల్లో సర్దుకుంటాయట. సర్దుకున్నవాటికి చోటు కొంచెం తక్కువ చాలు. ఉత్త కడ్డీకి అదేమీ నష్టం కాదు. అదే లోహంతో బోల్టు చేసి, రెండు ఉక్కు పలకల మధ్య బిగించారనుకోండి, ఆ బోల్టు పొట్టిదవాలనుకుంటుంది, పలకలు కానివ్వవు. తనని తానే లాక్కుని, ఏళ్ల తర్వాత ఒకరోజు ఎవరూ ముట్టుకోకుండానే తెగుతుంది.

అది వ్యాసంగా అచ్చయింది. పేర్లలో కొత్తాయనది మొదటిది, ఆవిడది రెండోది. ఆవిడ అసలు పేరు చూసి మా భవనంలో కొందరు ఈవిడెవరని అడిగారు. ఒక ప్రతిని పెద్దసారు ఇంటికి పోస్టు చేసింది. జవాబు రాలేదు. ఆయన చదివారో లేదో మాకు తెలియదు.

నాలుగు నెలల తర్వాత ఒక పెద్దమనిషి వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, పెద్ద పెద్ద చేతులు. నా దగ్గరికి వచ్చి ఆవిడ పేరు తప్పులు లేకుండా చెప్పి, చూడాలన్నాడు. నేనే కిందికి తీసుకెళ్లాను.

"నేను విద్యుత్ కేంద్రంలో ఫిట్టర్నమ్మా" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి. "బోల్టులు బిగించేవాణ్ణి. ఏడు తెగాయి. ఏడూ నేను బిగించినవే. నీ చేతి బరువు ఎక్కువ, మితిమీరి బిగిస్తున్నావన్నారు. పనిలోంచి తీసి స్టోర్సులో కూర్చోబెట్టారు. నాలుగేళ్లయింది."

ఆవిడ ఒక స్టూలు ఆయన వైపు జరిపింది.

"మా ఇంట్లో సీసా మూతలు నన్ను బిగించనిచ్చేది కాదమ్మా మా ఆవిడ. నవ్వులాటకే అనుకోండి." తన చేతులకేసి చూసుకున్నాడు. "నాకూ అనుమానం వచ్చేసింది. కొలత చూసే బిగించానని తెలుసు. అయినా అందరూ అంటుంటే, ఏమో, నాకు తెలియకుండా చెయ్యి అలా పోతోందేమోనని. మొన్న మా ఇంజనీరు మీ వ్యాసం పట్టుకొచ్చి చూపించాడు. బోల్టులు నువ్వు తెంచలేదయ్యా, వాటంతటవే తెగాయన్నాడు."

"కూర్చోండి" అంది ఆవిడ.

"ఒక్కసారి ఆ కడ్డీ చూడొచ్చా అమ్మా?"

భూతద్దం ఇచ్చి ఇరవై రెండో డయల్ ముందు నిలబెట్టింది. ఆయన చాలాసేపు వంగి చూశాడు. "కదలదేం?"

"ఇప్పుడు కదలదండి. ఒక గీత జరగడానికి నెలలు పడుతుంది."

"మరి మీరు రోజూ వచ్చి చూసేవారా?"

"చూసేదాన్ని."

ఆయన భూతద్దం తిరిగి ఇచ్చేశాడు. ఆ స్టూలు మీదే కాసేపు కూర్చుంటానన్నాడు. నేను టీ పంపిస్తానని పైకి వచ్చేశాను. టీ తీసుకెళ్లిన ఆఫీసు ఆయా తిరిగొచ్చి, వాళ్లిద్దరూ ఒక్క మాటా లేకుండా చెరో స్టూలు మీద కూర్చుని డయల్ వైపు చూస్తున్నారని నవ్వింది. సాయంత్రం ఆయన వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూశాను. ఆవిడ బస్సు స్టాపు దాకా వెళ్లి, బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడింది.

విద్యుత్ కేంద్రంవాళ్లు ఆయన్ని మళ్లీ ఫిట్టరు పనికి రమ్మన్నారట. ఏడాదే సర్వీసు మిగిలిందని, స్టోర్సులోనే ఉండిపోతానని ఆయన చెప్పాడట.

ఆవిడ ఇంకో మూడేళ్లు పనిచేసి దిగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెల్లెలి ఇంట్లో పది రోజులుంది. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారని, పదకొండోరోజు తన రెండు గదులకి వచ్చేసింది. చెల్లెలికి కోపమొచ్చి రెండు ఆదివారాలు ఫోన్ చేయలేదు. మూడో ఆదివారం చేసింది.

ఈమధ్య ఒక కాలేజీవాళ్లు విద్యార్థులతో మాట్లాడమని పిలిస్తే, తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ఆవిడ పది నిమిషాలు మాట్లాడింది. అందులో ఎక్కువ భాగం బరువు లేని కడ్డీ గురించే. దాన్ని పన్నెండేళ్లు ఎందుకు పెట్టలేదో, పెట్టి ఉంటే ఎన్నేళ్లు కలిసొచ్చేవో చెప్పింది. మైకు ఉన్నా వెనక వరసలవాళ్లు ముందుకి వంగి వింటున్నారు. అయిపోయాక ఒక అమ్మాయి లేచి, "అన్నేళ్లు ఒక్కరే ఆ గదిలో... మీకు విసుగు రాలేదా మేడమ్?" అని అడిగింది.

"వచ్చేదమ్మా" అంది ఆవిడ. "రోజూ వచ్చేది."

ఇంకా ఏమన్నా చెబుతుందేమోనని వాళ్లంతా ఎదురుచూశారు. ఆవిడ మైకు పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది.